నొప్పిని నమ్మిన నర్సు



ఏటా మే 12న ఆసుపత్రుల్లో నర్సుల దినోత్సవం జరుపుతాం. ఫ్లోరెన్స్ నైటింగేల్ పటానికి దండ వేస్తాం. కొవ్వొత్తులు వెలిగించి కొత్త నర్సుల చేత ప్రమాణం చేయిస్తాం. వేదిక మీద మాట్లాడేవాళ్లంతా ఓర్పు, సేవ, త్యాగం అంటారు. అవన్నీ నిజమే. అయితే క్యాన్సర్ వార్డులో పనిచేసే మంచి నర్సుకి ఇంకో గుణం ఉంటుంది. దాని ఊసు ఆ వేదికల మీద పెద్దగా వినిపించదు. ఆమె వాదిస్తుంది. మంచం మీద ఉన్న మనిషి తరఫున డాక్టరుతో వాదిస్తుంది, మందుల కౌంటరు దగ్గర వాదిస్తుంది, అవసరమైతే ఆ మనిషి కన్నకొడుకుతోనూ వాదిస్తుంది. ఈ పూట నేను ఆ నర్సు గురించే మాట్లాడతాను. దయ ఒక్కటే నొప్పిని తగ్గించదు. దయగల మనిషి నోరు విప్పి అడిగినప్పుడు మందు మంచం దాకా వస్తుంది.

ఇలా అడిగినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సిన పేరు సిసిలీ సాండర్స్. లండన్ దగ్గర బార్నెట్‌లో 1918లో పుట్టారు. కలిగిన కుటుంబం. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటుండగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. చదువు ఆపేసి, 1940లో సెయింట్ థామస్ ఆసుపత్రికి చెందిన నైటింగేల్ నర్సింగ్ స్కూల్లో చేరారు. ఇష్టపడి నేర్చుకున్న పని అది. కానీ వెన్నునొప్పి ఆవిడని నర్సుగా కొనసాగనివ్వలేదు. అయినా ఆసుపత్రిని వదలలేదు. మన దగ్గర మెడికల్ సోషల్ వర్కర్ అంటామే, అలాంటి ఉద్యోగంలో 1947లో మళ్లీ రోగుల దగ్గరికే వచ్చారు.

అక్కడ డేవిడ్ టాస్మా అనే రోగి పరిచయమయ్యాడు. పోలండ్ నుంచి వచ్చిన యూదు శరణార్థి. వయసు నలభై. హోటల్లో వెయిటరుగా పనిచేసేవాడు. ఆపరేషన్‌కి లొంగని క్యాన్సర్. లండన్‌లో నా అన్నవాళ్లు లేరు. సాండర్స్ అతని మంచం పక్కన కూర్చుని గంటల తరబడి మాట్లాడేవారు. కిటకిటలాడే సర్జికల్ వార్డు ఇలాంటి మనిషి చివరి రోజులు గడిపే చోటు కాదని, వేరే చోటు ఉంటే ఎలా ఉండాలని ఇద్దరూ అనుకునేవారు. 1948 ఫిబ్రవరిలో అతను చనిపోయాడు. తన దగ్గరున్న 500 పౌండ్లు ఆవిడ పేర రాశాడు. మీరు కట్టబోయే ఇంట్లో నేనొక కిటికీనై ఉంటాను అన్నది అతని కోరిక. ఆ ఇల్లు లేవడానికి ఇంకా 19 ఏళ్లు పడుతుందని ఇద్దరికీ తెలియదు.

తర్వాత సాండర్స్ సాయంత్రాల్లో జీతం లేకుండా సెయింట్ లూక్స్ ఆసుపత్రికి వెళ్లి నర్సుగా సాయపడేవారు. ఆవిడ ఆలోచనని మార్చింది అక్కడ చూసిన ఒక్క పద్ధతి. ఆ రోజుల్లో క్యాన్సర్ రోగికి మార్ఫిన్ ఎప్పుడు ఇచ్చేవారు? నొప్పి భరించలేక అతను అరిచి బతిమాలాక. అదీ వీలైనంత ఆలస్యంగా. అలవాటు పడిపోతాడని భయం. దాంతో రోగికి నొప్పి, నొప్పి తగ్గగానే మళ్లీ ఎప్పుడు మొదలవుతుందోనన్న దిగులు, గోడ గడియారం వైపు చూపు, ఇవే మిగిలేవి. సెయింట్ లూక్స్‌లో మాత్రం నోటి ద్వారా మార్ఫిన్‌ని వేళ ప్రకారం ఇచ్చేవారు. ముందు డోసు పని అయిపోకముందే తర్వాతి డోసు పడేది. నొప్పి తిరిగి రావడానికి సందే దొరికేది కాదు. అక్కడి రోగులు మత్తులో జోగుతూ ఉండలేదు. మాట్లాడుతున్నారు, తింటున్నారు, పేపరు చదువుకుంటున్నారు.

ఈ పద్ధతి అన్ని చోట్లా రావాలని ఆవిడ పట్టుబట్టారు. ఆవిడతో కలిసి పనిచేసిన నార్మన్ బారెట్ అనే సర్జన్ ఒక సంగతి నిక్కచ్చిగా చెప్పాడు. చావుకి దగ్గరైన రోగిని వదిలేసేది డాక్టర్లే, నర్సు చెబితే వాళ్లు వినరు, కాబట్టి వెళ్లి డాక్టరు చదువు చదువుకోమన్నాడు. సాండర్స్ 33 ఏళ్ల వయసులో మెడికల్ కాలేజీలో చేరారు. 1957లో డాక్టరయ్యారు. తను మంచం పక్కన చూసిన నిజాన్ని నలుగురూ ఒప్పుకోవడానికి ఒక నర్సు ఏళ్లపాటు కూర్చుని ఇంకో డిగ్రీ తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆవిడ పట్టుదలకి చేతులెత్తి దండం పెడతాను. నర్సు మాటకి విలువ ఇవ్వని ఏర్పాటు మీద మాత్రం ఈ రోజుకీ నాకు కోపమే.

డాక్టరయ్యాక తూర్పు లండన్‌లో క్రైస్తవ సన్యాసినులు నడిపే సెయింట్ జోసెఫ్స్ హాస్పిస్‌లో, అంటే చివరి దశ రోగులని చూసుకునే చోట చేరి, వెయ్యి మందికి పైగా రోగుల వివరాలు ఒక్కొక్కటిగా రాసిపెట్టారు. వేళకి మార్ఫిన్ ఇస్తే ఏమవుతుందో కాగితం మీద చూపించారు. 1959లో మరణానికి దగ్గరైన రోగుల సంరక్షణ మీద ఆవిడ రాసిన వరస వ్యాసాలు నర్సింగ్ టైమ్స్ పత్రికలో వచ్చాయి. డాక్టరు పట్టా చేతికొచ్చాక కూడా మొదట నర్సులతోనే మాట్లాడాలనుకున్నారన్నమాట.

అక్కడే ఒక రోగిని నొప్పి గురించి చెప్పమని అడిగారు. ఆమె నొప్పి నడుములో మొదలైందని చెప్పింది. ఇప్పుడు తనలో అంతా తప్పుగానే ఉన్నట్టుందని చెప్పింది. అక్కడితో ఆగలేదు. భర్త, కొడుకు బాగా చూసుకుంటున్నారు, కానీ తన కోసం పని మానుకుంటే వాళ్ల కూలి పోతుంది అంది. లోకమంతా తన మీద కత్తి కట్టినట్టు ఉందని, ఎవరికీ తన బాధ అర్థం కావడం లేదని అంది. అడిగింది ఒక్క నొప్పి గురించి. జవాబులో ఒళ్లు, మనసు, ఇంటి ఖర్చు, ఒంటరితనం అన్నీ వచ్చాయి. ఈ మొత్తాన్నీ కలిపి చూస్తేనే నొప్పికి వైద్యం చేసినట్టని సాండర్స్ నేర్పారు. 1967లో లండన్‌లోని సిడెన్‌హామ్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. టాస్మా పేర ఉన్న కిటికీ అక్కడుంది. 2005లో సాండర్స్ రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూసింది ఆ హాస్పిస్‌లోనే.

సెయింట్ క్రిస్టఫర్స్ తెరిచిన మరుసటి ఏడాది, 1968లో, అమెరికాలో మార్గో మెకాఫరీ అనే నర్సు నొప్పికి ఒక నిర్వచనం ఇచ్చారు. రోగి నొప్పి ఉందంటే ఉన్నట్టే, ఎంత ఉందంటే అంతే అన్నది దాని సారం. ఈ రోజున చాలా మామూలుగా వినిపిస్తుంది. కానీ నొప్పిని ఎక్స్‌రేలో చూడలేం, రక్తపరీక్షలో కొలవలేం. దానికి రోగి మాటే సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని మొదట వినేది, నమ్మాలో వద్దో తేల్చుకోవాల్సింది నర్సు.

ఇది కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. మా పెద్దమ్మకి గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్. బయటపడేసరికే ముదిరిపోయింది. వార్డులో ఉన్నప్పుడు పొద్దున డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చి ఎలా ఉన్నావమ్మా అంటే, "మంచిగనే ఉన్న సారూ" అనేది. నొప్పి ఉందంటే ఇంకో ఇంజెక్షను రాస్తారు, కొడుకు ఇంకొకరి దగ్గర చెయ్యి చాచాలి. అది ఆమె లెక్క. సాయంత్రం డ్యూటీకి వచ్చిన నర్సు ఆ మాట నమ్మలేదు. కంచంలో అన్నం మెతుకు కదల్లేదు. పెద్దమ్మ ఒక పక్కకే ఒరిగి కూర్చుంది. చీర కొంగు మూల పళ్ల మధ్య పెట్టుకుని నమిలీ నమిలీ తడిపేసింది. నర్సు స్టూలు లాక్కుని కూర్చుంది.

"రాత్రి నిద్ర పట్టిందా పెద్దమ్మా?"

"నిద్ర యాడిది బిడ్డా."

"నొప్పిని రూపాయి అనుకో. ఇప్పుడు ఎన్ని పైసలుంది?"

పెద్దమ్మ కాసేపు కొడుకు వైపు చూసింది. అతన్ని నర్సు టీ తాగి రమ్మని బయటికి పంపింది. అప్పుడు చెప్పింది పెద్దమ్మ. "రూపాయికి రూపాయి ఉన్నది."

"ఎట్లా ఉంటుంది? పోటా, సలుపా?"

"మంట. తొడ కాడికెళ్లి పాదం దాకా కరెంటు కొట్టినట్టు గుంజుతది."

నర్సు ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు కేస్ షీటులో రాసింది. అలా రాయడానికి కారణం ఉంది. ఎముకలో నొప్పి ఒకలా ఉంటుంది, పేగులో నొప్పి ఇంకోలా ఉంటుంది. మంట, తిమ్మిరి, కరెంటు షాకు అని రోగి అంటే నరం నలుగుతోందని డాక్టరుకి అనుమానం రావాలి. దానికి మార్ఫిన్‌తో పాటు వేరే రకం మందులు కూడా కావాలి. ఆ ఒక్క వాక్యం కేస్ షీటులోకి ఎక్కకపోతే ఆ మందు రాదు. రాసి, డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసింది. పొద్దున రౌండ్స్‌లో చూద్దామన్నట్టున్నాడు అతను. "లేదు సార్, పదికి పది ఉంది. ఈ రాత్రి కూడా ఆవిడకి నిద్ర ఉండదు. మీరొచ్చి చూసి రాయాలి" అంది. గొంతు పెంచలేదు, కానీ ఫోన్ పెట్టలేదు. అతను వచ్చాడు. చూశాక మార్ఫిన్ మాత్ర రాశాడు. గంట తర్వాత ఎవరూ పిలవకుండానే ఆమె మళ్లీ మంచం దగ్గరికొచ్చి అడిగింది. అర్ధ రూపాయికి వచ్చిందంది పెద్దమ్మ. అదీ రాసుకుంది. నరాల నొప్పికి మందు కలిశాక, డోసులు కుదిరాక, పావలాకి దిగింది. పెద్దమ్మ పెరుగన్నం అడిగి తింది.

ఆ నర్సు ఆ రాత్రి కొడుకుతోనూ వాదించాల్సి వచ్చింది. మార్ఫిన్ పేరు వినగానే అతని మొహం పాలిపోయింది. ఇక ఆఖరి రోజులేనా అన్నాడు. మత్తుకి అలవాటు పడదా అన్నాడు. మన ఇళ్లల్లో ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్నలే ఇవి. వరండాలో నిలబెట్టి చెప్పిందామె. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన కొలతలో, చెప్పిన వేళకి వేసుకునే మార్ఫిన్‌తో వ్యసనం అంటుకోవడం చాలా అరుదు. నెలల తరబడి వాడుతూ ఇంటి పనులు చూసుకునేవాళ్లున్నారు. మొదటి కొద్ది రోజులు కాస్త మగతగా, వికారంగా ఉంటే ఉంటుంది, సర్దుకుంటుంది. సర్దుకోనిది మలబద్ధకం. అందుకే మార్ఫిన్‌తో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయాలి. రాయలేదని చూసి, రాయించింది కూడా ఆమే. ఇంత చిన్న విషయం పట్టించుకోకపోతే రోగి కడుపు ఉబ్బరం తట్టుకోలేక మందే మానేస్తాడు, మళ్లీ నొప్పి మొదటికొస్తుంది.

ఇంకో వాదన ఉంది, అన్నిటికంటే కష్టమైంది. మన కుటుంబాల్లో రోగం పేరు రోగికి చెప్పొద్దంటాం. ప్రేమతోనే అంటాం. తట్టుకోలేదని భయం. కానీ రాత్రి రెండింటికి, వార్డు సద్దుమణిగాక, ఆ రోగి నర్సు చెయ్యి పట్టుకుని "నిజం చెప్పు తల్లీ, నాకేమైంది?" అని అడుగుతుంది. పొద్దున ఆమె భర్త చేతులు జోడించి చెప్పొద్దని వేడుకుని వెళ్లాడు. ఇద్దరి మధ్యా నర్సు నిలబడి ఉంటుంది. నేను గమనించిన మంచి నర్సులు అబద్ధం చెప్పరు, గబుక్కున నిజమూ చెప్పరు. మీరేమనుకుంటున్నారమ్మా అని తిరిగి అడుగుతారు. చాలాసార్లు రోగికి తెలిసే ఉంటుంది. తెలిసి, ఇంట్లోవాళ్లు బాధపడతారని తెలియనట్టు ఉంటుంది. మర్నాడు నర్సు ఆ ప్రశ్నని డాక్టరు ముందు పెడుతుంది, భర్త ముందూ పెడుతుంది. ఆవిడ అడుగుతున్నారు, మీరు కూర్చుని మాట్లాడాలి అంటుంది. పొలం ఎవరికి రాయాలి, చిన్నపిల్ల పెళ్లి ఎవరు చూడాలి, పుట్టింటి నుంచి ఎవరిని పిలిపించాలి అన్నవి ఆవిడ తేల్చుకోవాల్సిన విషయాలు. వాటికి వ్యవధి ఇప్పించడం కూడా రోగి తరఫున చేసే వకాల్తానే.

మన దేశంలో ఈ వకాల్తా వార్డు గోడలు దాటి చట్టం దాకా వెళ్లింది. మార్ఫిన్ తయారయ్యేది నల్లమందు నుంచి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో గసగసాల పంట వేసి నల్లమందు తీస్తారు. ఘాజీపూర్‌లో, నీమచ్‌లో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. మన నల్లమందు విదేశాలకి ఎగుమతయ్యేది, మన క్యాన్సర్ రోగికి మాత్ర దొరికేది కాదు. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం దొంగ వ్యాపారాన్ని ఆపాలని తెచ్చినది. కానీ కఠిన శిక్షల భయం ఒకవైపు, ఒక్క మందుకి రకరకాల శాఖల దగ్గర తెచ్చుకోవాల్సిన లైసెన్సులు ఇంకోవైపు. ఒకటి చేతికొచ్చేసరికి ఇంకొకటి గడువు తీరిపోయేది. ఆసుపత్రులు, మందుల షాపులు మార్ఫిన్ పెట్టడమే మానుకున్నాయి. మరుసటి ఏడాదే, అంటే 1986లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి నోటి ద్వారా, గడియారం ప్రకారం, నొప్పి తీవ్రతని బట్టి మెట్టు మెట్టుగా మందు ఇవ్వాలని ప్రపంచానికంతటికీ చెప్పింది. మన దగ్గర ఆ పై మెట్టు మందే అల్మారాలో లేదు.

అలాంటి రోజుల్లో గిలీ బర్న్ అనే బ్రిటిష్ నర్సు మన దేశంలో ఊరూరా తిరిగారు. క్యాన్సర్ రిలీఫ్ ఇండియా అనే సంస్థ పెట్టి, డాక్టర్లకి, నర్సులకి నొప్పి నివారణ గురించి పాఠాలు చెప్పారు. ఆవిడ ఉపన్యాసం విన్నవాళ్లలో కేరళకి చెందిన మత్తు డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్ ఒకరు. ఆక్స్‌ఫర్డ్ వెళ్లి ఈ వైద్యం నేర్చుకోవడానికి ఆయనకి బర్న్ తోడ్పడ్డారు. 1993లో రాజగోపాల్, సురేష్ కుమార్, వాళ్లతో కలిసిన కార్యకర్తలు కాలికట్‌లో చిన్న నొప్పి క్లినిక్ మొదలుపెట్టారు. కేరళ ఊళ్లలో ఇంటింటికీ వెళ్లే నర్సుల ఏర్పాటు ఆ క్లినిక్ నుంచి పెరిగిందే. ఏళ్ల తరబడి అధికారుల చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగాక, 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. గుర్తింపు పొందిన ఆసుపత్రికి మార్ఫిన్ లాంటి అత్యావశ్యక మందుల కోసం రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ఇచ్చే ఒక్క అనుమతి చాలేలా దేశమంతటికీ ఒకే నియమం వచ్చింది.

మన హైదరాబాద్‌లో రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ ఆధ్వర్యంలో పాలియేటివ్ విభాగం, అంటే నొప్పిని, బాధని తగ్గించే వైద్య విభాగం, పెరిగింది. పిల్లల నొప్పికి కూడా అక్కడ వైద్యం ఉంది. తెలంగాణలో జిల్లా ఆసుపత్రులకి కూడా పాలియేటివ్ వార్డులు వచ్చాయి. ఆలన అనే పేరుతో తిరిగే వాహనంలో నర్సు ఇంటికి వచ్చి పుండు కడిగి కట్టు కట్టే ఏర్పాటు జరిగింది. నోటి క్యాన్సర్ పుండు వాసనకి ఇంట్లో పిల్లలు దగ్గరికి రారు. మెట్రోనిడజోల్ మాత్ర పొడి చేసి పుండు మీద చల్లితే ఆ వాసన చాలావరకు తగ్గుతుంది. ఇది వార్డుల్లో నర్సులకి బాగా తెలిసిన చిట్కా. అది చేశాక మనవరాలు తాత మంచం మీద వచ్చి కూర్చుంటే, ఆ ఇంట్లోవాళ్లు ఆ నర్సుని జన్మలో మరిచిపోరు.

ఇప్పుడు నేను గట్టిగా అడగదలుచుకున్న మాట. ఉగాండాలో ఆన్ మెరిమన్ అనే డాక్టరు 1993లో హాస్పిస్ మొదలుపెట్టారు. అక్కడ డాక్టర్లు బాగా తక్కువ. ఊళ్లలో రోగి దగ్గరికి వెళ్లేది నర్సే. అందుకని పాలియేటివ్ వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు నోటి మార్ఫిన్ రాయవచ్చని 2004లో నియమం మార్చారు. పేద దేశం, కానీ నర్సు మాటని నమ్మింది. మన దగ్గర నొప్పిని చూసే మనిషి ఒకరు, మందు రాసే మనిషి ఇంకొకరు. ఆ ఇద్దరి మధ్య ఒక ఫోన్ కాల్, ఒక రాత్రి, ఒక్కోసారి ఒక ఆదివారం అడ్డుపడతాయి. మన నర్సులకి కూడా శిక్షణ ఇచ్చి, డాక్టరు వేసిన హద్దుల్లో డోసు పెంచే అధికారమైనా ఇవ్వడానికి మన రాష్ట్రాలు ఆలోచించాలి. అంతకంటే ముందు, రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు మీద వార్డంతా వదిలేయడం ఆపాలి. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చునే వ్యవధి లేని మనిషి దగ్గర ఎంత దయ ఉన్నా ఏం లాభం? ఆలస్యంగా వచ్చిన జీతం కోసం తిరుగుతున్న కాంట్రాక్టు నర్సుని రోగి తరఫున పెద్ద డాక్టరుతో వాదించమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

క్యాన్సర్ రోగి ఇంట్లో ఉన్న శ్రోతలకి నాలుగు మాటలు. నొప్పిని దాచొద్దని మీ అమ్మకో, నాన్నకో చెప్పండి. మీ ముందు చెప్పడానికి వాళ్లకి మొహమాటమైతే, కాసేపు మీరు బయటికి వెళ్లి నర్సుకి వదిలేయండి. రూపాయిలో ఎన్ని పైసలుంది, ఎక్కడుంది, పోటా మంటా, రాత్రి నిద్ర పట్టిందా, ఇవి ఒక పుస్తకంలో మందు వేసిన టైంతో సహా రాసి ఉంచండి. నొప్పి లేదు కదా అని ఒక డోసు మానేయొద్దు. లేనిది ఆ మందు వల్లే. మార్ఫిన్‌తో విరేచనాల మందు రాశారో లేదో చూసుకోండి. మాత్రలు పిల్లలకి అందకుండా పెట్టండి, మిగిలినవి ఆసుపత్రిలోనే తిరిగి ఇచ్చేయండి. ఇక వైద్యం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అని ఎవరైనా అంటే, నొప్పికి వైద్యం ఉంది కదా, పాలియేటివ్ వార్డు ఎక్కడుందో చెప్పండి అని నిలదీసి అడగండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ఆ వార్డులో డ్యూటీలో ఉన్న నర్సు దగ్గరికి వెళ్లండి. మీ పుస్తకం ఆమె చేతికివ్వండి. డాక్టరుతో ఆమె మాట్లాడుతున్నప్పుడు మీరు కూడా పక్కన నిలబడండి.